తోడు వేసి పడుకో

మా లెక్కల మాస్టారి స్మృతిలో ఏటా జాతీయ సైన్స్ దినోత్సవం నాడు విశాఖపట్నంలో జరిగే ఈ ఉపన్యాసం ఇచ్చే అవకాశం ఈసారి నాకు దక్కింది. ఆయన శిష్యుడిగా ఇంతకన్నా గౌరవం నేను కోరుకోను.

మా ఊరి హైస్కూల్లో పనిచేసిన రోజుల్లో మాస్టారు సాయంత్రాలు పదో తరగతి పిల్లల్ని తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. డబ్బు తీసుకునేవారు కాదు. మేం లేచేముందు బోర్డు మీద ఒక లెక్క రాసేవారు. ఆ రోజు చెప్పిన పాఠంతో అది నేరుగా తెగేది కాదు. "ఇంటికెళ్లి అరగంట దీంతో కుస్తీ పట్టండి. తెగకపోతే పుస్తకం మూసెయ్యండి. తోడు వేసి పడుకోండి" అనేవారు.

ఆ మాట ఆయన వంటింట్లోంచి తెచ్చుకున్నారు. పాలు కాచాలి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. చెంచాడు మజ్జిగ వేసి కలిపి, మూతపెట్టి, ఎవరూ కదపని చోట పెట్టాలి. తోడుకుందో లేదోనని గంటకోసారి గిన్నె కదిపితే పెరుగు గట్టిగా పేరుకోదు. అలాగని పాలు కాచకుండా, తోడు వెయ్యకుండా, ఊరికే మూతపెట్టి పడుకుంటే తెల్లారేసరికి విరిగిన పాలే మిగులుతాయి. మాస్టారి మాటలో ఈ రెండు సగాలూ ఉన్నాయి. నేనివాళ మీకు చెప్పదలచుకున్నదీ అదే. మంచి ఆలోచన విశ్రాంతిలో వస్తుంది. అయితే కష్టపడిన మనిషి విశ్రాంతిలోనే వస్తుంది. ఆ విశ్రాంతి కష్టానికి రెండో సగం. దాన్ని ఎవరి దగ్గరనుంచి లాగేసుకున్నా వాళ్ల పనిలో సగం మనం ఆపేసినట్టే.

ఒకరోజు ఆయన ఇచ్చిన లెక్క ఇది. త్రిభుజం భూమి ఇచ్చారు, భూమికి ఒక చివర ఉన్న కోణం ఇచ్చారు, మిగిలిన రెండు భుజాల పొడవులు విడివిడిగా ఇవ్వలేదు, రెంటి మొత్తం మాత్రం ఇచ్చారు. త్రిభుజం గియ్యాలి. ఆ రాత్రి నేను అరగంట కాదు, గంటన్నర పోరాడాను. గీసిందల్లా చెరిపేశాను. చివరికి పడుకున్నాను. తెల్లారి బావి దగ్గర నీళ్లు తోడుతుంటే, బొక్కెన సగం పైకి వచ్చేసరికి, నా చెయ్యి ఆగిపోయింది. గిలక మీద తాడు వంగి రెండు ముక్కలుగా కనిపిస్తోంది. నా వైపు ముక్క పెరిగితే బొక్కెన వైపు ముక్క తగ్గుతోంది. మొత్తం మాత్రం మారడం లేదు. ఆ వంపు తీసి నిటారుగా చాపితే ఒకే గీత! అంటే రెండు భుజాల మొత్తాన్నీ ఇచ్చిన కోణం వెంట ఒకే గీతగా గీసి, దాని కొసని భూమి రెండో చివరతో కలిపి, ఆ కలిపిన రేఖకు లంబ సమద్విఖండన రేఖ గీస్తే, తాడు ఎక్కడ వంగాలో అది చూపిస్తుంది. మూడో శీర్షం అక్కడే. బొక్కెన గట్టు మీద పెట్టి, తడికాళ్లతోనే లోపలికి పరిగెత్తాను.

సాయంత్రం మాస్టారికి చూపిస్తే శభాష్ అన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్కడ ఉండగా తట్టిందిరా?" అని. బావి దగ్గరండీ అన్నాను. చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నారు. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా చేతిలో ఉంది. వాళ్ల అమ్మాయిగారు ఈ సభ కోసం ఇచ్చారు. ప్రతి పేజీలోనూ పిల్లల పేర్ల ఎదురుగా రెండు గడులు. ఒక గడిలో 'ఎంతసేపు పోరాడాడు', రెండో గడిలో 'ఎక్కడ తట్టింది'. గేదెల వెనక, బస్సులో, తలంటు పోసుకుంటూ, గుళ్లో ప్రదక్షిణ చేస్తూ, నిద్ర లేస్తూనే. ఈ రెండో గడి చదువుతుంటే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది. కానీ మొదటి గడి ఖాళీగా ఉన్నచోట రెండో గడి నిండిన పేజీ నాకు ఒక్కటీ కనపడలేదు.

రెండు క్రియలు

ఈ సంగతి మన భాషకు ముందే తెలుసు. 'నేను ఆలోచించాను' అంటాం. 'నాకు ఆలోచన తట్టింది' అంటాం. మొదటి వాక్యంలో పనిచేసేది నేను. రెండో వాక్యంలో నేను కర్తను కాను. తలుపు తట్టినట్టు ఆలోచనే వచ్చి తట్టింది, నేను ఇంట్లో ఉన్నాను, అంతే. స్ఫురించింది, మెదిలింది, గుర్తొచ్చింది అన్నా 'నాకు' అనే అంటాం. నిద్ర పట్టింది, ఆకలి వేసింది అన్నవి కూడా ఈ వరసలోవే. నిద్రను రమ్మని ఆజ్ఞాపించలేం. పక్క వేసుకుని, దీపం ఆర్పి, ఎదురుచూడగలం. తట్టే ఆలోచన కూడా అంతే. ఆలోచించడం మన చేతిలో ఉంది. తట్టడం మన చేతిలో లేదు. అది తట్టడానికి కావలసిన తలుపు, నిశ్శబ్దం మాత్రం మన చేతిలో ఉన్నాయి.

సముద్రం రంగు

ఇవాళ ఫిబ్రవరి 28. 1928లో ఇదే రోజున కలకత్తాలో చంద్రశేఖర వెంకట రామన్ తన పేరుతో నిలిచిపోయిన కాంతి ఫలితాన్ని కనుగొన్నారు. రామన్ బాల్యం ఈ విశాఖపట్నంలోనే గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఇక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పేవారు. రామన్ పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ ఇక్కడే పూర్తిచేశారు. అందుకని ఈ ఊళ్లో, సముద్రానికి ఇంత దగ్గర్లో ఆయన గురించి చెప్పుకోవడం నాకు ఇష్టం.

1907లో రామన్ కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగంలో చేరారు. పగలంతా లెక్కల దస్త్రాలు. పొద్దున్నే ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు తర్వాత బౌబజారు వీధిలోని సైన్సు సంఘం ప్రయోగశాలలో పని. ధ్వని మీద, తంత్రీ వాద్యాల మీద, కాంతి మీద. ఇలా ఏళ్లు గడిచాక 1917లో ఉద్యోగం వదిలి ప్రొఫెసర్ అయ్యారు. తర్వాత కూడా పని తగ్గలేదు, పెరిగింది. 1921 వేసవిలో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగే విశ్వవిద్యాలయాల మహాసభకు వెళ్లడానికి ఆయన మొదటిసారి దేశం దాటి ఓడ ఎక్కారు.

ఓడ మీద ప్రయోగశాల లేదు, క్లాసులు లేవు, వారాల తరబడి నీళ్లు తప్ప ఏమీ లేదు. మధ్యధరా సముద్రంలోకి వచ్చాక ఆ నీలం చూసి ఆయన నిలబడిపోయారు. సముద్రం నీలంగా కనిపించేది ఆకాశం దానిలో ప్రతిఫలించడం వల్లనేనని లార్డ్ రేలీ అంతటివాడు చెప్పాడు. రామన్‌కు అది నమ్మబుద్ధి కాలేదు. తిరుగు ప్రయాణంలో 'నార్కుండా' ఓడ డెక్కు మీద నిలబడి, తన దగ్గరున్న నికోల్ పట్టకాన్ని కంటికి పెట్టుకుని, నీటి ఉపరితలం మీద ప్రతిఫలించే వెలుతురును తగిన కోణంలో తొలగించి చూశారు. ఆకాశం ప్రతిబింబం పోయింది. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. అంటే ఆ రంగు నీటి అణువులు సూర్యకాంతిని చెదరగొట్టడం వల్ల వస్తున్నదని ఆయన తేల్చారు. ఓడ బొంబాయి రేవు చేరగానే 'నేచర్' పత్రికకు లేఖ పంపారు. అక్కణ్నుంచి కాంతి పరిక్షేపణం మీద ఆయన, ఆయన శిష్యులు దాదాపు ఏడేళ్లు పనిచేస్తే 1928 వచ్చింది. 1930లో నోబెల్ వచ్చింది.

అదే 1930లో అదే కుటుంబం నుంచి మరొకరు ఓడ ఎక్కారు. రామన్ అన్నగారి కొడుకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. వయసు పందొమ్మిది. కేంబ్రిడ్జిలో చదవడానికి వెళుతూ, ఆ ప్రయాణపు రోజుల్లో, కుంచించుకుపోయిన నక్షత్రాల గురించి లెక్కలు వేసుకున్నాడు. శ్వేతకుబ్జ తారలు ఎంత బరువు దాకా నిలబడగలవన్న ప్రశ్నలో సాపేక్ష సిద్ధాంతాన్ని కలిపి చూస్తే, ఒక హద్దు దాటాక అవి నిలబడలేవని తేలింది. సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లుగా నేడు మనకు తెలిసిన చంద్రశేఖర్ హద్దుకు మొదలు అక్కడే. 1983లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. ఆ ఓడల మీద ఎందరో ప్రయాణించారు. అందరికీ అదే సముద్రం, అదే తీరిక. రామన్ పెట్టెలో మాత్రం పట్టకం ఉంది. చంద్రశేఖర్ బుర్రలో మద్రాసులో ఉండగా చదివి జీర్ణించుకున్న భౌతికశాస్త్రవేత్తలు సోమర్‌ఫెల్డ్, ఫౌలర్ ఉన్నారు. ఓడ వాళ్లకు ఆలోచన ఇవ్వలేదు. అంతకుముందు వేసిన తోడు పేరుకునేందుకు చోటిచ్చింది.

బస్సు మెట్టు మీద

ఈ అనుభవాన్ని అందరికన్నా నిజాయితీగా రాసిపెట్టిన వాడు ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఆన్రి పాంకరే. 1908లో పారిస్‌లో ఆయన ఈ విషయం మీదే ఉపన్యాసం ఇచ్చారు. కుర్రవాడిగా కాన్ పట్టణంలో పాఠం చెబుతున్న రోజుల్లో ఆయన ఒక రకం ప్రమేయాలు ఉండవని నిరూపించడానికి పదిహేను రోజులు రోజూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఏమీ తేలలేదు. ఒక రాత్రి అలవాటు లేని కాఫీ తాగి నిద్రపట్టక దొర్లుతుంటే ఆలోచనలు ఒకదాన్నొకటి ఢీకొని, తెల్లారేసరికి ఆ ప్రమేయాలు ఉన్నాయనే తేలింది. తర్వాత భూగర్భశాస్త్రం వాళ్ల యాత్రకు వెళ్లారు. లెక్క సంగతి మరిచిపోయారు. కూటాన్స్ అనే ఊళ్లో గుర్రపు బస్సు ఎక్కబోతూ మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో, తను వాడిన పరివర్తనలూ యూక్లిడేతర జ్యామితిలోని పరివర్తనలూ ఒకటేనని తట్టింది. సరిచూసుకునే తీరిక లేదు. సీట్లో కూర్చుని ఆపిన కబుర్లు కొనసాగించారు. ఇంటికెళ్లాక నింపాదిగా నిరూపణ రాసుకున్నారు.

ఇంకోసారి మరో లెక్క తెగక విసిగి, కొన్నాళ్లు సముద్రం ఒడ్డుకు వెళ్లి, కొండ అంచున నడుస్తుంటే దారి కనిపించింది. ఇన్ని చెప్పి ఆయన తేల్చిన మాట మన మాస్టారి మాటే. మనకు తెలియకుండా మనసు చేసే పనికి ముందు తెలిసి చేసిన శ్రమ ఉండాలి, తర్వాత కూడా తెలిసి చేసే శ్రమ ఉండాలి. బల్ల దగ్గర వృథా అయ్యాయనుకున్న ఆ పదిహేను రోజులే మనసులో యంత్రాన్ని కదిలించాయని ఆయన నమ్మకం. 1926లో ఇంగ్లండులో గ్రాహం వాలస్ అనే పండితుడు ఈ క్రమాన్ని నాలుగు దశలుగా విడదీశాడు. సన్నాహం, ఊరడం, స్ఫురణ, సరిచూసుకోవడం. ఆవకాయ కలిపి మూడోనాడు తిరగకలిపే మన ఇళ్లలో రెండో దశను విడమరచి చెప్పక్కర్లేదు.

నిద్ర చేసే పని

గొప్పవాళ్ల జ్ఞాపకాలు సాక్ష్యమే కానీ రుజువు కాదు. మాస్టారుంటే "ప్రయోగం ఏదిరా?" అనేవారు. ఉంది. 2004లో జర్మనీలోని ల్యూబెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 'నేచర్'లో ఒక ప్రయోగం అచ్చువేశారు. కొందరికి అంకెల వరసలు ఇచ్చి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ చివరి జవాబుకు చేరే పద్ధతి నేర్పారు. ఆ వరసల్లో ఒక దగ్గరి దారి దాగుంది. రెండో మెట్టులో వచ్చే జవాబే చివరి జవాబు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాసేపు సాధన చేయించి, ఎనిమిది గంటల విరామం తర్వాత మళ్లీ కూర్చోబెట్టారు. ఆ ఎనిమిది గంటలూ నిద్రపోయిన 22 మందిలో 13 మందికి దగ్గరి దారి దొరికింది. రాత్రంతా మేలుకున్న 22 మందిలో అయిదుగురికి, పగలు మేలుకున్న 22 మందిలో అయిదుగురికి మాత్రమే దొరికింది.

ఇంకో సంగతి దీనికన్నా ముఖ్యం. ముందు సాధన లేకుండా ఊరికే నిద్రపోయి వచ్చిన వాళ్లకు ఆ లాభం రాలేదు. పాలల్లో తోడు వేసిన వాళ్లకే రాత్రి పనిచేసింది.

2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నడక మీద చేసిన ప్రయోగం కూడా చెప్పాలి. నడుస్తున్నప్పుడు మనుషులకు కొత్త ఊహలు ఎక్కువ వస్తాయని తేలింది, గోడకెదురుగా ట్రెడ్‌మిల్లు మీద నడిచినా సరే. అయితే ఒకే ఒక్క సరైన జవాబు ఉన్న ప్రశ్నలకు నడక అలా తోడ్పడలేదు. ఊహలు పుట్టడానికి కాళ్లు, వాటిలో నిలిచేదేదో తేల్చడానికి బల్ల. రెండూ కావాలి.

రాసిపెట్టుకో

తట్టిన ఆలోచన నిలవాలంటే లేచి అందుకోవాలి. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరంలో పనిచేసిన ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక రాత్రి నిద్రలో తట్టిన ప్రయోగాన్ని కాగితం ముక్క మీద గిలికి మళ్లీ పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. ఆ రోజంతా యాతన పడ్డాడు. మర్నాటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి పడుకోలేదు. తిన్నగా ప్రయోగశాలకు వెళ్లాడు. ఒక కప్ప గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపించి, గుండె నెమ్మదించాక, దాన్ని తడిపిన ద్రవాన్ని తీసి ఇంకో కప్ప గుండెకు పట్టించాడు. రెండో గుండె కూడా నెమ్మదించింది. నరాలు తమ సందేశాన్ని రసాయనాలతో అందిస్తాయని అలా తేలింది. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఊహ ఆయన మనసులో ఆ రాత్రికి పదిహేడేళ్ల ముందు నుంచీ ఉంది. ప్రయోగం రూపమే తట్టలేదు. మాస్టారి జేబులో ఎప్పుడూ ఆ నోటుబుక్కు ఎందుకుండేదో లోవీ కథ చదివాక నాకు బోధపడింది.

ఎవరికి దక్కుతోంది?

ఇప్పుడు నన్ను బాధపెడుతున్న సంగతి చెబుతాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది ఇంటర్మీడియట్ పిల్లలు హాస్టళ్లలో ఉండి చదువుతున్నారు. తెల్లవారుజామున లేపుతారు. స్టడీ అవర్, క్లాసు, మళ్లీ స్టడీ అవర్, పరీక్ష, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్. ఆదివారం కూడా టెస్టు. పాలు కాస్తూనే ఉంటారు, దింపరు. ఆ పిల్లలు సోమరులు కారు. నోటుబుక్కులో మొదటి గడి వాళ్లు నింపినంతగా మా తరం నింపలేదు. రెండో గడి నింపే వీలే వాళ్లకు లేదు. అక్కణ్నుంచి వచ్చిన పిల్లలకు నేను భౌతికశాస్త్రం చెప్పాను. నేర్పిన లెక్కను వాళ్లు నాకన్నా వేగంగా చేసేవారు. నేర్పని లెక్క ఇస్తే భయపడేవారు. కాసేపు అలా తిరిగి రమ్మంటే, తప్పు చేస్తున్నట్టు చుట్టూ చూసేవారు. ఆ చూపు నేను మరిచిపోలేను. విశ్రాంతి అంటే దొంగతనం అని మనమే వాళ్లకు నేర్పాం.

పెద్దవాళ్లం కూడా మన ఖాళీలను మనమే పూడ్చేసుకుంటున్నాం. బస్టాపులో నిలబడ్డ పది నిమిషాలు, అన్నం ఉడికేలోగా నిలబడే అయిదు నిమిషాలు, నిద్రకు ముందు చీకట్లో కళ్లు తెరుచుకుని ఉండే ఆ కాసేపు. వీటన్నిటిలోకీ ఇప్పుడు ఫోను వచ్చింది. తట్టేది వచ్చి తడితే వినిపించే నిశ్శబ్దం ఇంట్లో ఉండాలి కదా.

ఇంకొక మాట చెప్పకపోతే మాస్టారికి ద్రోహం చేసినవాణ్నవుతాను. ఈ నోటుబుక్కులో ఆడపిల్లల పేర్ల ఎదురుగా రెండో గడి చాలాచోట్ల ఖాళీగా ఉంది. ఒకచోట అంచున ఆయన చేతిరాతతో ఉంది: 'ఈ పిల్లకు ఖాళీ లేదు.' అది చదివినప్పుడు నాకొక అనుమానం వచ్చింది. చేతులు పనిలో ఉన్నప్పుడు కూడా ఆలోచనలు వస్తాయి కదా? బావి దగ్గర నీళ్లు తోడుతూనే కదా నాకు తట్టింది? ఆ అమ్మాయిలు నాకన్నా ఎక్కువ నీళ్లు తోడారు. తేడా నాకు నెమ్మదిగా తెలిసింది. నేను తోడిన నాలుగు బొక్కెనలూ స్నానానికి. తోడుతున్నంతసేపూ నన్నెవరూ పిలవలేదు. ఆ పిల్ల తోడుతుంటే చంకలో తమ్ముడున్నాడు, పొయ్యి మీద ఎసరుంది, లోపలినుంచి ఎవరో కేకేస్తున్నారు. చేతికి పని ఉంటే మనసు తిరగగలదు. మనసుకే కాపలా పని అప్పగిస్తే అది ఎక్కడికీ కదలలేదు. ఎన్ని ఇళ్లలో ఎందరు స్త్రీల ఆలోచనలు ఇలా తట్టి, తలుపు తియ్యడానికి మనిషి ఖాళీ లేక వెనక్కి వెళ్లిపోయాయో లెక్కపెట్టిన వాళ్లు లేరు.

మాస్టారు ఆ వాక్యం రాసి ఊరుకోలేదు. ఆ తర్వాత నుంచి ట్యూషనులో ఆడపిల్లలను పాఠం అయ్యాక అరగంట ఉంచేసేవారు. వాళ్ల ఇళ్లల్లో ఇంకా పాఠం జరుగుతోందనే అనుకునేవారు. ఆ అరగంటలో ఆయన ఏమీ చెప్పేవారు కాదు. వాళ్లు వేపచెట్టు కింద కూర్చునేవారు, గచ్చకాయలాడేవారు, ఊరికే ఆకాశం చూసేవారు. పెద్దయ్యాక నాతో ఒకావిడ అన్నారు, "మా ఇంట్లో నాకు ఎవరూ ఇవ్వనిది మాస్టారు ఇచ్చారండీ, అరగంట." నోటుబుక్కు చివరి పేజీల్లో ఆ అమ్మాయిల పేర్ల ఎదురుగా రెండో గడి నిండటం మొదలైంది. చాలాచోట్ల ఒకే మాట: 'చెట్టు కింద.'

ఈ స్మారక నిధి నిర్వాహకులకు నాదొక విన్నపం. మాస్టారి పేరున ఏటా షీల్డులు ఇస్తున్నాం, మంచిదే. దానితోపాటు ఆయన పనిచేసిన బడిలో రోజుకో అరగంట ఆయన పేరున ఉంచండి. ఆ అరగంటలో పాఠం వద్దు, పరీక్ష వద్దు, ఫోను వద్దు. పోయే ముందు బోర్డు మీద ఒక కష్టమైన లెక్క మాత్రం ఉండనివ్వండి. ఇళ్లల్లో పెద్దవాళ్లందరికీ కూడా అదే విన్నపం. సాయంత్రం మీ అమ్మాయి ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, ఆ పిల్లను పిలవకండి. గిన్నె కదపకండి.